మూడు రాళ్ల పొయ్యి, మూడు కాళ్ల కుక్క

పొయ్యికి రాళ్లు మూడే ఎందుకు పెడతారో ఎప్పుడైనా ఆలోచించారా? గ్యాసు పొయ్యి సంగతి కాదు నేను అడిగేది. అహోబిలం తిరునాళ్లకి పోయినోళ్లు చెట్టు కింద మూడు రాళ్లు కుదురుగా పెట్టి, మధ్యలో పుల్లలు ఎగదోసి, పైన సత్తు గిన్నెలో అన్నం వండుకుంటారే, ఆ పొయ్యి. మూడుకి బదులు నాలుగు పెడితే ఇంకా గట్టిగా ఉండాలి కదా! పెట్టి చూడండి. నాలుగింట్లో ఒక్కటి పిసరంత పొట్టిగా ఉంటే చాలు, గిన్నె ఊగుతుంది. మూడు రాళ్ల మీద గిన్నె ఒక పక్కకి వాలితే వాలుతుంది గానీ ఊగడమనేది ఉండదు. మూడు చుక్కలు ఎక్కడ పెట్టినా మూడింటినీ తాకేలా ఒక పలకని ఆనించవచ్చు. నాలుగో చుక్క కూడా ఆ పలకకి తగులుతుందన్న హామీ లేదు. పెద్ద తరగతుల్లో మీ లెక్కల మాస్టారు ఇదే సంగతిని ఇంకాస్త గంభీరంగా చెప్తాడు. మా అవ్వకి ఆ లెక్క రాదు, పొయ్యి పెట్టడం మాత్రం వచ్చు.

ఇప్పుడీ పొయ్యి గోల ఎందుకంటే, మొన్న మా మనవరాలు ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఒక కుక్కని చూసొచ్చింది. "తాతా, దానికి ముందు కాలు ఒకటి ల్యా. అయినా ఆటో ఎనకాల ఉరుకుతాంది. పడిపోదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. మనిషికి రెండు కాళ్లలో ఒకటి పోతే నిలబడడానికే కర్ర కావాలి. కుక్కకి ఒకటి పోయినా మూడు మిగులుతాయి. మూడంటే పొయ్యి రాళ్లే, ఇంక నిలబడడానికి దానికేం లోటు? కాకపోతే పొయ్యి కదలదు, కుక్క కదులుతుంది. చిక్కంతా అక్కడుంది.

నాలుగు కాళ్ల కుక్క తీరిగ్గా నడిచేటప్పుడు గమనించండి. ఏ క్షణాన చూసినా రెండో మూడో పాదాలు నేలమీదే ఉంటాయి. మూడు కాళ్లదానికి ఆ వైభవం లేదు. ఒక కాలు ఎత్తిందంటే మిగిలేవి రెండే. గిన్నె కింద నుంచి ఒక రాయి లాగేస్తే ఏమవుతుందో దీనికీ అదే అవ్వాలి, పడాలి. నిజంగానే పడడం మొదలవుతుంది కూడా. అయితే పడడానికి కాస్తంత టైం పడుతుంది కదా, ఆ లోపలే ఇంకో కాలు ముందుకొచ్చి ఒళ్లుని అందుకుంటుంది. మళ్లీ పడబోతుంది, మళ్లీ అందుకుంటుంది. అందుకే దాని నడకలో గెంతు ఉంటుంది. ఇందులో తమాషా ఏమిటంటే, చాలా మూడు కాళ్ల కుక్కలకి మెల్లగా నడవడమే కష్టం, ఉరకడం తేలిక. మెల్లగా నడిస్తే పడడానికి బోలెడు టైం, ఉరికితే ఆ టైమే దొరకదు. కాబట్టి అది ఆటో వెనక ఉరకడంలో వింతేమీ లేదు. దాన్ని పెళ్లి ఊరేగింపు వెనక నడవమనండి, రెండు వీధులు దాటేసరికి రొప్పుతుంది.

పురాణం విన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ధర్మదేవత కృతయుగంలో నాలుగు పాదాల మీద నడిచిందట, త్రేతాయుగంలో మూడింటి మీద. రాముడు రాజ్యం చేసింది ఆ మూడు పాదాల కాలంలోనే. మూడు కాళ్ల మీద ఏ పనీ జరగదని ఎవరైనా అంటే నమ్మకండి.

సరే, కుక్కకి కాళ్లన్నీ ఒకటేనా అంటే కాదు. తల, మెడ, రొమ్ము అన్నీ ముందువైపే ఉన్నాయి కాబట్టి బరువు ముందుకి మొగ్గుతుంది. సుమారుగా నూటికి 60 పాళ్లు ముందు కాళ్ల మీద, 40 పాళ్లు వెనక కాళ్ల మీద. 20 కిలోల కుక్క అనుకుందాం, ముందు కాలు ఒక్కోటి 6 కిలోలు మోస్తుంది, వెనక కాలు ఒక్కోటి 4 కిలోలు. వెనక కాళ్లు ముఖ్యంగా తొయ్యడానికి, ముందు కాళ్లు మొయ్యడానికీ ఆపడానికీ. అందుకే వెనక కాలు పోయిన కుక్క తొందరగా సర్దుకుంటుంది. ముందు కాలు పోయినదానికి ఇంకొంచెం ఓపిక కావాలి. మిగిలిన ఒంటి ముందు కాలి మీదకి ఒంటి బరువులో దాదాపు సగం వచ్చి పడుతుంది మరి. అప్పుడది ఏం చేస్తుందంటే, ఆ కాలుని పక్కనుంచి జరిపి రొమ్ముకి మధ్యలోకి తెచ్చుకుంటుంది. తలని ప్రతి అడుక్కీ పైకీ కిందికీ ఊపి బరువుని అటూ ఇటూ మారుస్తుంది. ఎవరూ నేర్పరు. కొత్తచోట పొయ్యి పెట్టేటప్పుడు అవ్వ గిన్నెని ఒకసారి కదిపి చూసి రాయి జరుపుతుందే, అలా పడి, లేచి, కాలు జరుపుకుని అదే కనిపెట్టుకుంటుంది.

కాలు తీసే ఆపరేషన్ సంగతి ఇంకా వింత. మీ గొంతు కింద రెండు పక్కలా చేత్తో తడిమి చూడండి, అడ్డంగా ఒక ఎముక తగులుతుంది. కాలర్ బోన్ అంటారు. మన చేతుల్ని ఒంటికి ఎముకతో తగిలించేది అదే. కుక్కకి ఆ ఎముక లేనట్టే, పేరుకి ఒక చిన్న తునక కండల్లో ఎక్కడో ఉంటుంది. అంటే కుక్క ముందు కాళ్లు ఒంటికి ఎముకతో అతకలేదన్నమాట. రొమ్ము మొత్తం రెండు ముందు కాళ్ల మధ్య కండల ఉయ్యాలలో వేలాడుతోంది. గోడ మీంచి దూకినా ఆ అదురు వెన్నుకి సూటిగా తగలకుండా కండలు మింగేస్తాయి. అందుకే ముందు కాలు తియ్యాల్సి వచ్చినప్పుడు డాక్టర్లు సాధారణంగా భుజం పలక ఎముకతో సహా మొత్తం తీసేస్తారు. కండలూ నరాలూ రక్తనాళాలూ వేరు చేస్తే చాలు, ఒక్క ఎముక కూడా కొయ్యకుండా కాలంతా వచ్చేస్తుంది! 

"అంత పైదాకా ఎందుకు తీశారు, సగం ఉంచితే దేనికైనా పనికొచ్చేది కదా" అని అడిగేవాళ్లు ఉంటారు. పనికిరాదు సరికదా, మోడు మిగిలితే కుక్క దాన్ని నేలకి ఆనించబోతుంది, అది తగిలి తగిలి పుండవుతుంది. వెనక కాలైతే తొడ పైభాగంలోనో, తుంటి కీలు దగ్గరో తీస్తారు.

మన దిక్కు కాలు తియ్యాల్సిన అవసరం ఎక్కువగా రోడ్డు మీంచే వస్తుంది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకి పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద బళ్ల వేగం మీకు తెలిసిందే. కొన్నిసార్లు ఎముక ముక్కలు ముక్కలై అతకడానికి వీలుండదు. కొన్నిసార్లు ఎముక బాగానే ఉంటుంది, భుజం దగ్గర నరాల కట్ట వెన్నుపాము నుంచి ఊడిపోతుంది. ఆ కాలికి స్పర్శ ఉండదు, పాదం వెనక్కి మడిచి ఈడ్చుకుంటూ పోతుంది, రాసుకుని రాసుకుని చీము పడుతుంది. పెద్ద జాతి కుక్కలకి ఎముకలో కేన్సరు కూడా వస్తుంది. ఇలాంటప్పుడు కాలు తియ్యడాన్ని చాలామంది శిక్షలాగా చూస్తారు. నేనైతే దాన్ని విడుదల అంటాను. నొప్పి పెట్టే నాలుగో కాలు ఉండి కూడా కుక్క నడిచేది మూడింటి మీదే. డాక్టరు ఆ కాలు తీసేనాటికే అది సగం పాఠం నేర్చుకుని ఉంటుంది.

దెబ్బ తిన్న కుక్క కనిపిస్తే పిల్లలు పరుగెత్తి ఎత్తుకోకండి. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. పెద్దవాళ్లని పిలవండి. రక్తం కారుతుంటే వాళ్లు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని, దుప్పటి మీదికో చెక్క మీదికో జరిపి తీసుకుపోతారు. కరిచిందా, అక్కడికక్కడే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకోవాలి. పసుపు పెట్టి ఊరుకోవడం ప్రాణాంతకం. కుక్కకి డాక్టరు కావాలంటే ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంది, ప్రొద్దుటూరులోనూ తిరుపతిలోనూ పశువైద్య కళాశాలలున్నాయి. 2022 మే నెలలో మన రాష్ట్రంలో పశువుల కోసం అంబులెన్సులు మొదలయ్యాయి, వాటి ఫోను నంబరు 1962. అవి ముఖ్యంగా పాడి పశువుల కోసం వచ్చినవే, అయినా అడగడానికి మొహమాటం దేనికి?

ఆపరేషనయ్యాక ఇంటికొచ్చిన కుక్కని చూస్తే ఇంటిల్లిపాదికీ కళ్లనీళ్లే. సగం ఒళ్లు గొరిగి ఉంటుంది, జానెడు పొడుగున కుట్లు, చుట్టూ కమిలిపోయి నీలం రంగు. చాలా కుక్కలు ఒకటి రెండు రోజుల్లోనే లేచి నిలబడతాయి. మనకే ఇంకా అన్నం సయించదు. కుట్లు తియ్యడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అన్నాళ్లూ గంతులు వద్దు, స్నానం వద్దు, కాలకృత్యాలకి మాత్రం పట్టీ కట్టి బయటికి తీసుకుపోయి తేవాలి. లేవలేకపోతే ఒక తువ్వాలు తీసుకోండి, దాని పొట్ట కింద నుంచి దూర్చి రెండు కొసలూ పైకి పట్టుకోండి. మొత్తం ఎత్తెయ్యకండి, పడకుండా ఆసరా ఇస్తే చాలు. బరువు అదే మొయ్యాలి, లేకపోతే ఎప్పటికి నేర్చుకుంటుంది? కుట్లు నాకకుండా మెడకి గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ కడతారు. అది తగిలించాక కుక్క మన వంక చూసే చూపుకి జాలిపడి విప్పెయ్యకండి. కుట్ల దగ్గర వాపు పెరిగినా, చీమో నీరో కారినా డాక్టరుకి చూపించాలి.

నొప్పి గురించి ఒక్క మాట, ఇది పెద్దవాళ్లకి. కుక్క నొప్పిని దాచుకుంటుంది. అరవలేదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు. పడుకున్నచోట కుదురుగా ఉండకపోవడం, ఊరికే రొప్పడం, ఇష్టమైన తిండి కూడా వదిలెయ్యడం, ఇవీ దాని మూలుగులు. అలాగని ఇంట్లో ఉన్న మన మాత్ర సగం విరిచి పెట్టకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపుని పుండు చేస్తాయి, మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. డైక్లోఫెనాక్ వేసిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందులు కూడా చచ్చిపోయి, దేశంలో రాబందుల జాతే అడుగంటింది. అందుకే పశువులకి ఆ మందు వాడకుండా 2006లో ప్రభుత్వం నిషేధించింది. డాక్టరు రాసిన మందు, రాసినన్ని రోజులు, అంతే.

ఇంక మన నంద్యాల జిల్లా ఇళ్లలో ఈ కుక్కలకి అసలు శత్రువు ఎవరో చెప్పనా? నేల! బేతంచెర్ల బండలు అద్దంలా పాలిష్ పట్టించి పరుస్తాం. చుట్టాలొస్తే మెచ్చుకుంటారు. మూడు కాళ్ల కుక్క ఆ నేల మీద అడుగు పెట్టి ఒక్కసారి జారిందంటే, ఆ గది అంటేనే భయపడిపోతుంది. మనమేమో "పాపం, నడవలేకపోతోంది" అనుకుంటాం. నడక వచ్చు దానికి, పట్టు దొరకట్లేదంతే. అది తిరిగే దారి పొడుగునా గోనెపట్టాలు పరిచి చూడండి, పొద్దుటికల్లా వంటింటి గడపలో ఉంటుంది. పాత ఇళ్లలో గరుకు నాపబండలుంటే ఆ బాధ కూడా లేదు. గోళ్లు పెరిగినా, పాదం అడుగున వేళ్ల మధ్య వెంట్రుకలు పెరిగినా జారుతుంది, అవి కత్తిరించాలి. ముందు కాలు పోయినదానికి తిండి గిన్నె పీట మీద పెట్టండి. మెడ కిందికి వంచితే బరువంతా ఆ ఒంటి కాలి మీదకే పోతుంది మరి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. 1906లో చార్లెస్ షెరింగ్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త నరాల గురించి ఒక పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. అందులో కుక్క గోక్కోవడం గురించి ఎంత రాశాడో! నవ్వకండి, ఆయనకి 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. కుక్క పక్కలో మీరు వేలితో గోకితే వెనక కాలు దానంతటదే సెకనుకి నాలుగైదు సార్లు టపటపా ఆడుతుంది చూడండి, ఆ పని చేయించేది మెదడు కాదు, వెన్నుపాము. మెదడు ఇంకేదో ఆలోచించుకుంటూ ఉన్నా వెన్నుపాము గోకేస్తుంది. ఇప్పుడు వెనక కాలు పోయిన కుక్క సంగతి ఆలోచించండి. ఆ పక్క చెవిలో దురద పుట్టింది. కాలు లేదన్న కబురు వెన్నుపాముకి అందలేదు. తొడ దగ్గర మిగిలిన కండ టపటపా ఆడుతుంది, కుక్క మొహం హాయిగా పెట్టుకుని ఎదురుచూస్తుంది, దురద మాత్రం పోదు! ఇలాంటి కుక్క మీ ఇంట్లో ఉంటే ఆ పక్క చెవి వెనక రోజూ మీరే గోకాలి. అది మీ డ్యూటీ. గోమార్లు కూడా ఆ చెవిలోనే తిష్ఠ వేస్తాయి, అక్కడ వాటికి కాలి భయం లేదు కదా.

మగ కుక్కల సంగతి అడగడానికి మీరు సిగ్గుపడుతున్నారు గానీ, అది కూడా చెప్తాను. కరెంటు స్తంభం దగ్గర ఎత్తడానికి ఒక వెనక కాలు లేకపోతే ఎట్లా? కొన్నాళ్లు పిల్లప్పటిలాగే కూచుని కానిస్తుంది. తర్వాత స్తంభానికి ఏ పక్క నిలబడాలో తేల్చుకుని, ఎత్తే పని లేదు కాబట్టి ఇంకా తొందరగా ముగించుకుని పోతుంది.

"మరి కట్టె కాలు పెట్టకూడదా తాతా?" పెట్టొచ్చు. అయితే దానికి మోడు మిగిల్చాలి, కొలతలు ముందే అనుకోవాలి, కుక్క ఒప్పుకోవాలి. చాలా కుక్కలకి ఆ అవసరమే రాదు. ఆవుకీ ఎద్దుకీ మాత్రం వస్తుంది. ఎందుకో 1638లో గెలీలియో రాసిన పుస్తకంలో ఉంది. ఒక జంతువుని పొడుగూ వెడల్పూ ఎత్తూ అన్నిటా రెండింతలు చేశారనుకోండి, బరువు 8 రెట్లవుతుంది, కాలి ఎముక అడ్డకోత వైశాల్యం 4 రెట్లే అవుతుంది. అంటే జంతువు పెద్దదయ్యే కొద్దీ కాళ్ల మీద భారం ఎముక బలాన్ని మించి పెరుగుతుంది. 20 కిలోల కుక్క గెంతగలదు. 500 కిలోల ఒంగోలు గిత్త మూడు కాళ్ల మీద గెంతడం కల్ల. నంద్యాల చుట్టూ ఉన్న తొమ్మిది నందులూ హాయిగా కూచునే ఉన్నాయి కాబట్టి వాటికి ఈ చింత లేదు. మామూలు ఆవులకి కాలు పోతే ఎట్లా అని జైపూర్‌లో తపేశ్ మాథుర్ అనే పశువైద్యుడు ఆలోచించి, వాటికి కృత్రిమ కాళ్లు తయారుచేశాడు, 'కృష్ణా లింబ్' అని పేరు. జైపూర్‌కి ఈ విద్య కొత్త కాదు. మనుషులకి పెట్టే జైపూర్ పాదం 1968లో అక్కడే పుట్టింది. డాక్టర్ పి.కె. సేథీ ఎముకల వైద్యుడు, ఆయన పక్కన పనిచేసిన రామచంద్ర శర్మ చేతిపనిలో దిట్ట. లారీ టైర్లకి రబ్బరు అతికే చోట ఆ రబ్బరుని చూసి శర్మకి ఆలోచన తట్టిందని చెప్తారు. ఆళ్లగడ్డలో రాతిని దేవుడి పాదంగా మలిచే శిల్పులని చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. ఈ చేతుల్లో కూడా అలాంటి పని ఎంత దాగుందో!

ఇక ఆఖరిది, అన్నిటికంటే కష్టమైనది, తిండి. మూడు కాళ్ల కుక్క కీళ్లు మామూలు కుక్క కీళ్లకంటే ఎక్కువ మోస్తున్నాయి. దానికి రెండు కిలోల కొవ్వు చేరిందంటే ఆ రెండు కిలోలూ మూడు కాళ్లే మొయ్యాలి, పదేళ్లపాటు. దాన్ని సన్నగా ఉంచడమే దానికి మీరు చేసే పెద్ద సేవ. కుట్లు మానాక రోజూ కొద్దిసేపు చొప్పున రెండు మూడుసార్లు నడిపించండి. శుభ్రమైన నీళ్లు పారకుండా, మరీ లోతు లేకుండా ఉన్నచోట ఈదనిస్తే ఇంకా మంచిది, నీళ్లు బరువు మోస్తాయి, కండలు పెరుగుతాయి. మహానంది కోనేరులో మాత్రం దించకండి, పూజారి గారు మిమ్మల్ని కూడా దింపుతారు. అయితే నడిపించడానికి ఎవరూ ముందుకి రారు, తినిపించడానికి మాత్రం వీధంతా వస్తుంది. కాలు లేదని జాలి, జాలి కలిగితే మన చెయ్యి ఊరుకోదు. పొద్దున్నే ఉగ్గాని బండి దగ్గర ఒక బజ్జీ, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం బిస్కెట్లు. ఇకమీద అలాంటి కుక్క కనిపించి బజ్జీ విసరబోయే ముందు, దాని యజమానిని అడిగి పక్కలు ఒకసారి మెల్లగా తడమండి. పక్కటెముకలు వేళ్లకి తేలిగ్గా తగిలితే సరే, చిన్న ముక్క పెట్టండి. తగలకపోతే ఆ బజ్జీ మీరే తినండి.